అర్హతల పట్టికలో లేని పేర్లు

చెరువు వైపు నుంచి గాలి తిరిగిందంటే ప్రగతి నగర్‌లో మా బాల్కనీ హాయిగా ఉంటుంది. ఆ రాత్రి కూడా అక్కడే కూర్చున్నాను. రెండేళ్ల మనవడు నా ఒళ్లోనే నిద్రపోయాడు. మా అబ్బాయి ఆఫీసు నుంచి ఇంకా రాలేదు. కోడలు వంటిల్లు సర్దుకుని లాప్‌టాప్ పట్టుకొచ్చి, అత్తయ్యా మీకొకటి చూపించనా అంది. గొంతులో ఏదో బెరుకు.

చూస్తే విదేశంలో ఒక విశ్వవిద్యాలయం. డిగ్రీ అయినవాళ్ల కోసం బయోఇన్ఫర్మాటిక్స్‌లో సర్టిఫికెట్ కోర్సు. ఏడాది చదువు. చేరాలంటే ఏమేం ఉండాలో కింద ఇంత పొడుగు పట్టిక!

నేనూ బీఎస్సీ బాటనీ చదివినదాన్నే. కానీ ఎప్పటి మాట అది? అదేం చదువే తల్లీ అని అడిగాను. ఓపిగ్గా చెప్పింది. మన ఒంట్లో కణాల్లో డీఎన్‌ఏ ఉంటుంది కదా, అది నాలుగే నాలుగు అక్షరాలతో రాసిన రాత. మనిషిలో ఆ అక్షరాలు దాదాపు మూడు వందల కోట్లు. చేత్తో చదవాలంటే జన్మలు చాలవు. ఆ రాతల్ని కంప్యూటర్లో పెట్టి, ఒకదానితో ఒకటి పోల్చి, ఏ జబ్బుకి ఏ మార్పు కారణమో, ఏ మందు ఎక్కడ పని చేస్తుందో వెతకడమే ఈ చదువు. మన గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీలోనూ, సెంట్రల్ యూనివర్సిటీలోనూ ఈ పరిశోధనలు జరుగుతున్నాయట.

ఇక పట్టికలోకి వస్తే, డిగ్రీ ఉండాలి, మంచి మార్కులు ఉండాలి. జీవశాస్త్రం, కెమిస్ట్రీ చదివి ఉండాలి. దాంతోపాటు స్టాటిస్టిక్సూ, కంప్యూటర్ ప్రోగ్రామింగూ కొంతైనా వచ్చి ఉండాలి. ఇంగ్లిషు పరీక్ష స్కోరు, మార్కుల మెమోలు, చదువు చెప్పిన వాళ్ల నుంచి రికమండేషన్ లెటర్లు, ఎందుకు చేరాలనుకుంటున్నారో సొంతంగా రాసిన వ్యాసం, ఫీజు కట్టుకోగలమని బ్యాంకు కాగితాలు.

స్టాటిస్టిక్సు, ప్రోగ్రామింగు దాచుకున్న పనులేనట. హైటెక్ సిటీలో మెడికల్ కోడింగ్ ఉద్యోగం చేస్తూనే, పిల్లాడు పడుకున్నాక రాత్రిళ్లు పైథాన్ నేర్చుకుంటోందట! ఇంట్లోనే ఉంటూ నాకే తెలియలేదు. అసలు చిక్కు వేరే ఉంది. దానిది మన మూడేళ్ల బీఎస్సీ. అక్కడ డిగ్రీ అంటే నాలుగేళ్లు. చాలా చోట్ల మూడేళ్ల డిగ్రీని పూర్తి డిగ్రీ కింద లెక్క వేయరు. మొదట రాసిన చోటు నుంచి ఆ కారణంతోనే వద్దని జవాబు వచ్చిందట. ఇంతకాలం చదివిందంతా సగం చదువేనా అత్తయ్యా అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఆ మాట వినగానే నాకు మా వైపు ఆయన ఒకాయన గుర్తొచ్చారు. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. చిన్నప్పుడు బళ్లో మాస్టారు ఆ పేరు చెప్పి, ఇంతటివాడు మన భీమవరంలో పుట్టాడర్రా అనేవారు. యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన డిగ్రీ కూడా సగం డిగ్రీయే! కోడలికి ఆ రాత్రి ఆయన కథ చెప్పాను. చెబుతూ చెబుతూ నాకే కొన్ని సంగతులు కొత్తగా తట్టాయి. అవే మీతోనూ చెప్పుకుందామని ఇది రాస్తున్నాను.

మూడోసారి గట్టెక్కిన మెట్రిక్

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టాడు. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ శాఖలో చిరుద్యోగి. తల్లి వెంకమ్మ. ఇంటినిండా పిల్లలు, చాలీచాలని రాబడి. అలాంటి ఇంట్లో ఆవిడకి ఒకటే పట్టుదల, పిల్లలు చదువుకోవాలని.

కొడుక్కి మాత్రం బడి మీద మనసు లేదు. పదమూడేళ్ల ప్రాయంలో వరసకి సోదరుడైన కుర్రాడితో కలిసి కాశీకి పారిపోబోయాడు. అక్కడ యాత్రికులకి అరటిపళ్లు అమ్మితే బోలెడు డబ్బొస్తుందని ఆలోచన! వెంకమ్మగారు ఊరుకోలేదు. వెనక్కి రప్పించి మళ్లీ బళ్లో కూర్చోబెట్టింది. రాజమండ్రిలో చదివించింది. అక్కడ మెట్రిక్ తప్పాడు. మళ్లీ రాశాడు, మళ్లీ తప్పాడు. ఇప్పటి రోజుల్లో అయితే ఆ పిల్లాడి మీద ఎన్ని మాటలు పడి ఉండేవో మీరే ఊహించుకోండి.

ఈలోగా తండ్రి పోయాడు. వెంకమ్మగారు ఒంటి మీది నగలు అమ్మి కొడుకుని మద్రాసు పంపింది. తిరువల్లిక్కేణిలో హిందూ హైస్కూలు నుంచి మూడోసారి రాసి మెట్రిక్ గట్టెక్కాడు. తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్.

అక్కడితో అయిందా? లేదు. రామకృష్ణ మఠం వాళ్లతో పరిచయమై సన్యాసం పుచ్చుకుంటానన్నాడు. తల్లి అనుమతి కావాలన్నారు వాళ్లు. తల్లి ససేమిరా అంది. వైద్యం చదివితే సేవా చేసినట్టవుతుంది, తల్లి మాటా నిలబెట్టినట్టవుతుందని చివరికి మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాడు. ఆ తల్లి ఆ రోజు సరే అని ఉంటే ఏమయ్యేదో అనుకుంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ఖద్దరు తెచ్చిన తంటా

వైద్యం చదువుతుండగానే 1919లో పెళ్లయింది. పెళ్లికూతురు శేషగిరి, కస్తూరి సూర్యనారాయణమూర్తి గారమ్మాయి. అల్లుడి చదువు ఖర్చులకి మామగారే ఆసరా అయ్యారు. ఒక ఇంట్లో తల్లి నగలు, మరో ఇంట్లో మామగారి డబ్బు. ఆ చదువు ఇలా ఇద్దరింటి మీదా సాగింది.

అవి గాంధీగారి పిలుపుతో విదేశీ బట్టలు మానేస్తున్న రోజులు. సుబ్బారావు ఆపరేషన్ గదిలోకి కూడా ఖద్దరు కోటే వేసుకెళ్లాడు. సర్జరీ చెప్పే ఇంగ్లీషు ప్రొఫెసరుగారికి అది నచ్చలేదు. పరీక్షలు బాగా రాసినా సుబ్బారావుకి ఎంబీబీఎస్ పట్టా రాలేదు, దానికన్నా తక్కువదైన ఎల్‌ఎంఎస్ చేతికొచ్చింది. ఆ ఖద్దరు కోటే కారణమని చెబుతారు. ప్రభుత్వ వైద్య శాఖలో ఉద్యోగం కోసం ప్రయత్నించాడు. అదీ కుదరలేదు.

ఇక్కడ కోడలు నన్నాపి, అచ్చం నా మూడేళ్ల డిగ్రీలాగే కదూ అంది. అవునన్నాను. చదివిన పాఠాలు అవే, కాగితం మీద పేరు మాత్రం వేరే.

ఈలోగా ఇంటి మీద మరో పిడుగు పడింది. స్ప్రూ అని ఒక జబ్బు. తిన్నది ఒంటపట్టదు, విరేచనాలు తగ్గవు, నోరు పూస్తుంది, రక్తం తగ్గిపోతుంది, మనిషి ఎముకల గూడవుతాడు. ఆ జబ్బుతో సుబ్బారావు అన్నదమ్ములిద్దరు కొద్ది రోజుల తేడాలో పోయారు. డాక్టరు చదువు చదివినవాడు ఇంట్లో ఉన్నాడన్న మాటే గానీ వాళ్ల కోసం చేయగలిగింది ఏమీ లేకపోయింది. తర్వాత అదే జబ్బు ఆయనకీ సోకింది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డాడు. ఈ లక్ష్మీపతి గారెవరో తెలుసా? మద్రాసు రాష్ట్రంలో మంత్రి పదవి చేపట్టిన తొలి మహిళ రుక్మిణీ లక్ష్మీపతి గారి భర్తే. ఆయన నడిపే ఆయుర్వేద కళాశాలలోనే సుబ్బారావు శరీరశాస్త్రం పాఠాలు చెప్పాడు.

మనసు మాత్రం ఆ రెండు చావుల దగ్గరే ఆగిపోయింది. ఈ జబ్బు ఎందుకొస్తుందో, దేనితో నయమవుతుందో తెలుసుకోవాలి. అందుకు అమెరికా వెళ్లాలి. హార్వర్డ్‌లో ఉష్ణదేశాల వ్యాధుల మీద ఒక డిప్లొమా ఉంది. డాక్టరు పట్టా ఉన్నవాళ్లకి ఆ పైన చెప్పే చదువు. మా కోడలు చూపించిన సర్టిఫికెట్ కోర్సు లాంటిదే అనుకోండి. ఎల్‌ఎంఎస్ పట్టాతో అక్కడ సీటు దొరికింది గానీ స్కాలర్‌షిప్పు దొరకలేదు. డబ్బు ఎక్కడిది? మళ్లీ మామగారే ముందుకొచ్చారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం చేసింది.

1920ల మొదట్లో ఓడ ఎక్కాడు. చదువు ముగించుకుని రెండు మూడేళ్లలో వచ్చేద్దామనే ఉద్దేశం. అప్పటికి శేషగిరి గర్భవతి.

రాత్రి పూట ఆసుపత్రి పని

బోస్టన్‌లో దిగేసరికి చేతిలో డబ్బు అంతంతమాత్రం. పగలు క్లాసులు. ఎల్‌ఎంఎస్ పట్టాతో అక్కడ డాక్టరుగా పని దొరకదు. అందుకని బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ నౌకరుగా చేరాడు. రోగుల మలమూత్రాల పాత్రలు కడగడం, పక్కలు సర్దడం. మద్రాసులో డాక్టరు చదువు చదివి వచ్చిన మనిషి!

ఊళ్లో శేషగిరికి మగపిల్లాడు పుట్టాడు. ఏడాది నిండకుండానే పోయాడు. తండ్రి ఆ బిడ్డని చూడనేలేదు. తల్లికి ఆ దుఃఖంలో భర్త పక్కన లేడు. ఉత్తరం సముద్రాలు దాటి ఎన్ని వారాలకి చేరి ఉంటుందో.

డిప్లొమా అయ్యాక సుబ్బారావు హార్వర్డ్‌లోనే సైరస్ ఫిస్క్ గారి బయోకెమిస్ట్రీ లాబ్‌లో చేరాడు. 1925లో రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో లెక్కకట్టే పద్ధతి ఒకటి ఇద్దరూ కలిసి తయారుచేశారు. కొన్ని రసాయనాలు కలిపితే ద్రావణం నీలంగా మారుతుంది. నీలం ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఉన్నట్టు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి పేరుతో ప్రపంచంలోని లాబులన్నిటిలోనూ అది పాకిపోయింది. బయోకెమిస్ట్రీ చదివిన పిల్లలకి ఇప్పటికీ ఆ పేరు తగులుతుంది.

ఆ పద్ధతి చేతిలో పెట్టుకుని కండరాల్లో వెతికారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం దొరికింది. 1929లో ఏటీపీ. జర్మనీలో లోమన్ అనే శాస్త్రవేత్తకీ అదే ఏడాది అది విడిగా దొరికింది. మనం చెయ్యి ఎత్తాలన్నా, గుండె కొట్టుకోవాలన్నా, కంట్లో రెప్ప వాలాలన్నా కావలసిన శక్తిని కణానికి అందించేది ఈ ఏటీపీయే. మెట్రిక్ మూడోసారికి గట్టెక్కినవాడి పేరు జీవశాస్త్రం పునాదుల్లోకి అలా చేరింది. 1930లో హార్వర్డ్ ఆయనకి పీహెచ్‌డీ ఇచ్చింది.

మరి వెనక్కి ఎందుకు రాలేదు? ఎవరికైనా వచ్చే ప్రశ్నే. అప్పట్లో భారతీయులకి అమెరికాలో విద్యార్థులుగా ఉండనిచ్చేవారు గానీ, పౌరులయ్యే వీలు లేదని 1923లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1946 దాకా ఆ తలుపు మూసే ఉంది. ఒకసారి దేశం దాటి వస్తే మళ్లీ లోపలికి వెళ్లడం తేలిక కాదు. భార్యని అక్కడికి రప్పించుకోవడమూ తేలిక కాదు. చేతిలో ఉన్న పని ఎప్పుడూ సగంలోనే ఉండేది. స్ప్రూకి మందు ఇంకా దొరకలేదు. రెండేళ్లు కాస్తా నాలుగయ్యాయి. నాలుగు పదయ్యాయి.

హార్వర్డ్‌లో మాత్రం పర్మనెంటు ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో ఆ ఊరు వదిలి న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ మందుల కంపెనీ పరిశోధనశాలకి మారిపోయాడు.

నా మందుల డబ్బాలో ఆయన

ఇక్కడ కొంచెం నా సొంత సంగతి చెప్పాలి. నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉంది. పొద్దున్నే లేస్తే వేళ్లు ముడుచుకోవు, చపాతీ పిండి కలపడం గగనం. మూడేళ్లుగా వారానికి ఒకసారి మెథోట్రెక్సేట్ మాత్ర వేసుకుంటున్నాను. దాంతోపాటు డాక్టరు చెప్పిన రోజున ఫోలిక్ యాసిడ్ మాత్ర. ఈ రెండు మాత్రల వెనకా ఉన్నది ఒకే పరిశోధనశాల అని, దాన్ని నడిపించింది మా భీమవరం ఆయనేనని మొదటిసారి తెలిసినప్పుడు డబ్బా చేతిలో పట్టుకుని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

ఫోలిక్ యాసిడ్ కథలో మొదట వచ్చేది ఒక ఆడమనిషే. లూసీ విల్స్ అనే ఇంగ్లండు డాక్టరు. 1920ల చివర్లో బొంబాయి వచ్చి, మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణులకి వచ్చే తీవ్రమైన రక్తహీనత మీద పరిశోధించింది. ఈస్ట్ నుంచి తీసిన సారం తినిపిస్తే వాళ్లు కోలుకోవడం గమనించింది. అందులో ఏదో ఉంది, కానీ ఏమిటది? 1941లో అమెరికాలో కొందరు శాస్త్రవేత్తలు నాలుగు టన్నుల పాలకూర నుంచి ఒక పదార్థాన్ని పిసరంత వేరుచేసి, ఆకు అని అర్థం వచ్చే లాటిన్ మాటతో ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. నాలుగు టన్నుల ఆకు వండితే పిసరంత దొరికే మందుని జనానికి ఏం పంచుతాం? 1945లో సుబ్బారావు నడిపిన లెడర్లీ బృందం దాని నిర్మాణం తేల్చి, లాబ్‌లోనే తయారుచేసే దారి కనిపెట్టింది.

ఆ మందుని స్ప్రూ రోగులకి ఇచ్చి చూశారు. కోలుకున్నారు! మనసులో మోసుకు తిరిగిన ఆ రెండు చావులకి జవాబు పాతికేళ్లకి దొరికింది. ఇవాళ మన ఊళ్లలో ఏఎన్ఎం ఇంటికొచ్చి గర్భిణి చేతిలో పెట్టే ఐరన్ మాత్రలో కలిసి ఉండేది ఈ ఫోలిక్ యాసిడే. కడుపులో బిడ్డ వెన్నెముక సరిగా ఏర్పడడానికి కూడా అది కావాలి. మనలో ఆ మాత్ర మింగని తల్లి ఎవరు?

ఫోలిక్ యాసిడ్ కణాలు పెరగడానికి కావాలి కదా, మరి క్యాన్సర్ కణాలకి అది అందకుండా చేస్తే? ఆ ఆలోచనతో దాని రూపాన్నే కొద్దిగా మార్చి లెడర్లీలో కొన్ని మందులు చేశారు. వాటిలో ఎమినోప్టెరిన్‌ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు ల్యుకేమియా పిల్లలకి ఇచ్చాడు. అప్పటిదాకా ఆ జబ్బుకి మందన్నదే లేదు. 1948లో ఆయన వెల్లడించిన వివరాల ప్రకారం 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. ఆ వరసలోదే మెథోట్రెక్సేట్. క్యాన్సర్‌కే కాదు, తక్కువ మోతాదులో నాలాంటి కీళ్ల రోగులకీ ఇదే.

ఇంకా ఉన్నాయి. మన గోదావరి జిల్లాల వాళ్లకి బోదకాలు గురించి వేరే చెప్పాలా? ఆ జబ్బు అరికట్టడానికి ఏడాదికోసారి ఇంటింటికీ తిరిగి మింగించే డీఈసీ మాత్ర 1947లో వెలుగుచూసింది ఆయన పరిశోధనశాలలోనే. యూనివర్సిటీలో వయసు మీరిందని రిటైర్ చేసిన బాటనీ ప్రొఫెసరు డగ్గర్‌ని ఏడు పదులు దాటిన వయసులో పనిలోకి తీసుకున్నాడు. ఆయన మట్టిలో సూక్ష్మజీవుల్ని వెతికి వెతికి తెచ్చిందే ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో మొట్టమొదటిది. అదీ 1948లోనే లోకానికి తెలిసింది. మన బాటనీకి ఇంత విలువుందా అత్తయ్యా అని కోడలు నవ్వింది.

ఆ ఏడాది ఆగస్టు 8 రాత్రి న్యూయార్క్‌లో నిద్రపోయిన మనిషి మర్నాడు లేవలేదు. గుండెపోటు. వయసు 53. పౌరసత్వానికి దారి తెరిచి రెండేళ్లయినా ఆయన అమెరికా పౌరుడు కాలేదు. మనకి స్వాతంత్ర్యం వచ్చి ఇంకా ఏడాది నిండలేదు. ఆయన పేరు చాలాకాలం మనవాళ్లకే తెలియలేదు. నూరేళ్ల పుట్టినరోజుకి 1995లో మన తపాలా శాఖ స్టాంపు వేసింది.

శేషగిరి

కథ అయిపోయిందనుకుని కోడలు లేవబోయింది. కూర్చోమన్నాను. మరి శేషగిరి సంగతి అన్నాను.

ఓడ ఎక్కిన రోజు తర్వాత ఆవిడ భర్తని మళ్లీ చూడలేదు. ఒక్కసారి కూడా. పాతికేళ్లు! చేతికొచ్చిన బిడ్డా దక్కలేదు. సుబ్బారావు గురించి రాసిన వాటిలో ఆవిడకి దొరికే చోటు రెండు మూడు వాక్యాలు. పెళ్లయింది, బిడ్డ పోయాడు, ఆయన రాలేదు. వెంకమ్మగారికైనా నగలు అమ్మిన తల్లిగా ఒక పేరుంది. శేషగిరి ఏం చేసింది అంటే, ఎదురు చూసింది అంటారు. అదేమన్నా పనా అనిపిస్తుంది వినేవాళ్లకి.

నేను ఆయన్ని తప్పుపట్టడం లేదు. ఎలా పడతాను? వారం వారం ఆయన మందు మింగుతూ! లక్షల మంది తల్లులు, పిల్లలు ఆయన వల్ల బతికారు. కానీ హార్వర్డ్ అడిగిన అర్హతల్లో డాక్టరు పట్టా ఉంది, ఫీజు డబ్బుంది. ఇంట్లో ఎవరు ఏం వదులుకుంటున్నారన్న గడి మాత్రం లేదు. ఇప్పుడు కోడలు చూపించిన పట్టికలోనూ లేదు. మగవాడు వెళ్తే ఆ గడి గురించి ఎవరూ అడగరు, ఇంట్లో ఆడవాళ్లు చూసుకుంటారులే అని వదిలేస్తారు. అదే ఆడపిల్ల వెళ్తానంటే మొట్టమొదట అడిగేది అదే, పిల్లాణ్ని ఎవరు చూస్తారని.

నిజం చెప్పనా? ఆ రాత్రి నా మనసులోనూ మొదట వచ్చిన ప్రశ్న అదే. నోటితో అనలేదంతే. నా వేళ్లు చూస్తే ఇలా ఉన్నాయి. రెండేళ్లవాణ్ని ఎత్తుకోవాలి, స్నానం చేయించాలి, వెంటపడి అన్నం పెట్టాలి. ఏడాది పాటు నా వల్ల అవుతుందా? వారం రోజులు ఏ సంగతీ చెప్పలేదు. కోడలూ అడగలేదు. అడక్కపోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఆదివారం నాడు నలుగురం కూర్చున్నాం. నాకు వచ్చిన లెక్కలు చెప్పాను. పిల్లాణ్ని చూస్తాను, కానీ ఒక్కదాన్నే చూడలేను. పొద్దున స్నానం, రాత్రి అన్నం మా అబ్బాయిదే. వారానికి మూడు రోజులు ఏడింటికల్లా ఇంట్లో ఉండాలి. పగటి పూట సాయానికి మనిషిని పెట్టాలి, ఆ జీతం చదువు ఖర్చుల్లో ముందే రాసుకోవాలి. మధ్యలో సెలవులకి ఒకసారి రావాలి, టికెట్టు డబ్బు ఇప్పుడే పక్కన పెట్టాలి. కోర్సు అయ్యాక ఏం చేయాలో ముగ్గురూ కలిసి అనుకోవాలి. మా ఆయన కళ్లజోడు సవరించుకుని, నా పేరు ఎక్కడా రాయలేదేం అన్నారు. సాయంత్రం పార్కు ఆయన పేరున రాశాం.

కాగితాల సంగతి కూడా కొంత తేలింది. మూడేళ్ల డిగ్రీ అయినా, కాలేజీకి న్యాక్ ఏ గ్రేడు ఉండి, ఫస్ట్ క్లాసులో పాసైతే ఒప్పుకునే విశ్వవిద్యాలయాలు కొన్ని ఉన్నాయట. మార్కుల మెమోల్ని అక్కడి లెక్కలోకి మార్చి సర్టిఫై చేసే సంస్థలూ ఉన్నాయి. ముందే విచారించుకుంటే ఫీజు పోగొట్టుకుని ఏడవక్కర్లేదు. లోటుగా ఉన్న స్టాటిస్టిక్స్‌కి స్వయం పోర్టల్లో ఒక కోర్సు చేరి పరీక్ష రాస్తోంది మా కోడలు. మీ ఇంట్లో పిల్లలెవరైనా ఇలాంటి ఆలోచనలో ఉంటే ఈ మూడూ మొదట చూసుకోమనండి.

మొన్న రాత్రి మళ్లీ లాప్‌టాప్ తెచ్చి ఒక బొమ్మ చూపించింది. రంగురంగుల రిబ్బన్లు మెలికలు తిరిగి ఉన్నాయి. అదొక ప్రొటీన్ అట. ఫోలిక్ యాసిడ్‌ని కణానికి పనికొచ్చేలా మార్చేది అదే. ఆ రిబ్బన్ల మధ్య గూటిలో చిన్న పుల్లలాంటిది ఇరుక్కుని ఉంది. తాళంలో వేరే తాళంచెవి ఇరుక్కుంటే తలుపు ఎలా తెరుచుకోదో, ఇది ఇరుక్కుంటే ఆ ప్రొటీన్ పని అలా ఆగిపోతుందట. ఇదేనా అత్తయ్యా మీ మెథోట్రెక్సేట్ అంది. ప్రపంచంలో ఎవరైనా తెరిచి చూసుకునేలా ఇలాంటి బొమ్మల్ని దాచిపెట్టారట. అది చేరబోయే చదువులో చేసేది ఇదే, ఇలాంటి గూళ్లు వెతకడం, అందులో ఏ మందు సరిపోతుందో చూడడం. సుబ్బారావు గారు గాజు గొట్టాల్లో వెతికింది వీళ్లు తెర మీద వెతుకుతారు.

నాకు ఆ రిబ్బన్లు పెద్దగా అర్థం కాలేదు. నా మాత్ర వెళ్లి కూర్చునే చోటు కళ్లతో చూశానన్న సంతోషం మాత్రం మిగిలింది.

కాగితాలు పంపడం అయింది. జవాబు రావడానికి ఇంకా రెండు నెలలు పడుతుందట. సీటు వస్తుందో రాదో తెలియదు. ఈలోగా మా అబ్బాయి పిల్లాడికి స్నానం చేయించడం నేర్చుకుంటున్నాడు. మొదటి రోజు కళ్లలో సబ్బు పడి ఇల్లు ఎగిరిపోయింది. ఇప్పుడు ఫరవాలేదు. నేను ఎడమ చేత్తో ఎత్తుకోవడం అలవాటు చేసుకుంటున్నాను, అది కొంచెం నయంగా ఉంది.